నంబర్లు కొట్టేసిన సాయంత్రం

“ఉన్నదంతా చెరిపేసి కొత్తది వేస్తానంటే నేను ఒప్పుకోను. గడప మార్చడానికి ఇల్లు కూల్చినట్టుంది నీ పని.”

“చెరపకపోతే కొత్తది ఎక్కదు అత్తయ్యా. నిన్నటినుంచి అదే చెబుతున్నా.”

“ఎక్కకపోతే మానె. పాతది పని చెయ్యట్లేదా ఏంది?”

“చేస్తంది. ప్రెసిడెంటు గారు అడిగిన పని చెయ్యట్లేదు. ఒకటో తారీకు నుంచి రెండు సీరియళ్లు కావాలన్నది ఆయనా, నేనా?”

“ఆయనకేం, అడుగుతాడు. రేపు తేడా వస్తే స్టాండులో కాలర్ పట్టుకునేది ఆయన్ని కాదు, నన్ను.”

“మీకు కాలర్ లేదుగా!” అంది మా కోడలు.

ఈ మాటలు జరిగింది 1988 మే నెల చివర్లో, మాచర్లలో, మా నడిమింట్లో. అప్పటికి నేను అక్కడి లారీ ఓనర్ల సంఘంలో సీరియల్ గుమాస్తాని. ఆ ఉద్యోగం మొదట మా ఆయనది. సంఘం ఆఫీసు మా ఇంటి ముందు గదిలోనే, అద్దె లేకుండా నడిచేది. ఆయన పోయాక ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తే గది కూడా వేరే చూసుకోవాలి కాబట్టి, సంఘం పెద్దలు కుర్చీ నాకే ఉంచారు. నా చదువు మూడో తరగతితో ఆగింది. తెలుగు రాయడం, అంకెలు వేయడం వచ్చు. బండ్ల మీది ఇంగ్లీషు అక్షరాలు ఉద్యోగంలో చేరాక పట్టుబడ్డాయి.

సీరియల్ గుమాస్తా అంటే ఏం చేస్తాడో లారీల పని తెలియనివాళ్లకు చెప్పాలి. లోడు దించి ఖాళీగా స్టాండుకు వచ్చిన ప్రతి బండికీ ఒక వంతు ఉంటుంది. దాన్నే మేము నంబరు అంటాం. వచ్చిన బండి పేరు వరసలో చివర చేరుతుంది. నాపరాళ్లో, సున్నమో, పత్తి బేళ్లో, మిరప టిక్కీలో, ఏ లోడు వచ్చినా వరసలో పైనున్న బండికి ఇస్తాం. ఇచ్చిన లోడు వద్దన్నవాడి నంబరు కొట్టేస్తాం, అంటే అతని పేరు కొట్టివేసి మళ్లీ చివర రాస్తాం. సంఘం చేతిలో ఉన్న శిక్షల్లో అంతకు మించింది లేదు. ‘ఫలానావాడి నంబరు కొట్టేశారంట’ అన్న మాట వినబడితే స్టాండులో డ్రైవర్లు చేతిలో టీ గ్లాసు కింద పెట్టి లేస్తారు.

మొదట్లో ఈ వరసను నల్లబల్ల మీద సుద్దతో రాసేదాన్ని. తడి తువ్వాలుతో పై పేరు తుడిచి తన పేరు రాసుకోవడం స్టాండులో చానామందికి తెలిసిన విద్య. రోజూ తగాదాలే. ఆ రోజుల్లో గుంటూరులో ఒక కంప్యూటర్ నేర్పే స్కూలు మూతపడి సామాన్లు అమ్ముకుంటుంటే మా అబ్బాయి ఒక కంప్యూటర్ తెచ్చి ఇంట్లో పెట్టాడు. వాడు లైన్ మీద తిరిగే డ్రైవర్, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. తెచ్చింది మా కోడలు విజయ కోసం. ఆమె నరసరావుపేటలో బీకాం చదివింది, టైపు హయ్యర్ పాసయింది, కంప్యూటర్ కూడా కొన్నాళ్లు నేర్చుకుంది. ఇంట్లో కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటుందని వాడి ఉద్దేశం. నా లెక్కలో అది దండగ ఖర్చు. తెచ్చాక ఊరికే ఉంచడం అంతకన్నా దండగ కాబట్టి, సంఘం సీరియల్ దాంట్లోకి ఎక్కించమన్నది మాత్రం నేనే.

అలా ఇంటి కంప్యూటర్ సంఘం కంప్యూటర్ అయింది. నా పాత చీర చించి దానికి ముసుగు కుట్టాను. ప్రింటర్ రిబ్బను వెలిసిపోతే స్టాంపు ప్యాడు సిరా పూసి మళ్లీ వాడేవాళ్లం. పొద్దున్నే సీరియల్ అచ్చు తీసి, పాత వేబిల్లుల వెనక వైపు మీదే తీసి, ముందు గది గోడకు అంటించేవాళ్లం. దుమ్ము పడకూడదని విజయ ఎవరినీ చెప్పులతో లోపలికి రానిచ్చేది కాదు. “లోపలేమో బూట్ అయ్యిందా, బూట్ అయ్యిందా అంటది. మమ్మల్నేమో చెప్పులు బయట ఇడవమంటది” అని డ్రైవర్లు నవ్వేవాళ్లు. యంత్రం మొదలవడాన్ని బూట్ కావడం అంటారని మాకెవరికీ తెలియదు.

ఇక రెండు సీరియళ్ల సంగతి. మా దగ్గర లోడు రెండు రకాలు. బెంగుళూరు, మద్రాసు, బొంబాయి పోయేది లాంగ్. గుంటూరుకో, విజయవాడకో, సాగర్ దాటి నల్గొండ వైపో పోయేది లోకల్. ఒకటే సీరియల్ ఉన్నప్పుడు ఎవడికి ఏది తగులుతుందో వాడి అదృష్టం. చెన్నయ్య అని ఒకడుండేవాడు. ఒకే బండి, తానే ఓనరు, తానే డ్రైవరు. అతను పైకి వచ్చిన ప్రతిసారీ నరసరావుపేటకు నాపరాళ్ల లోడే వచ్చేది, అతని వెనకవాడికి బెంగుళూరు తగిలేది. లాంగ్ లోడు ముఖం చూడకుండా అతనికి ఆ వేసవి గడిచిపోయింది. ఇలాంటి గోడు ఇంకా కొందరిది విని సంఘం ఒక తీర్మానం చేసింది: జూన్ ఒకటి నుంచి లాంగ్‌కు ఒక సీరియల్, లోకల్‌కు ఒక సీరియల్. మే ముప్పై ఒకటి సాయంత్రం ఉన్న వరసే రెంటికీ మొదటి వరస. ఆ వరసలో పైన చెన్నయ్య ఉన్నాడు. ఒకటో తారీకు పొద్దున వచ్చే మొదటి లాంగ్ లోడు అతనిది. అది తప్పిపోతుందన్న భయంతో అతను ఇంటికి కూడా పోకుండా స్టాండులో బండి కిందే తుండు పరుచుకుని పడుకుంటున్నాడు.

రెండు సీరియళ్లకు కొత్త ప్రోగ్రాం కావాలి. గుంటూరులో ఒకాయన రాసి, ఫ్లాపీలో పెట్టి బస్సు కండక్టరుతో పంపాడు. ఫ్లాపీ అంటే చతురస్రంగా ఉండే పల్చటి నల్ల అట్ట, రాతలు దాచుకునేది. విజయ దాన్ని మిషన్లో పెట్టి మీట నొక్కితే తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క వచ్చి ఆగిపోయింది. వర్షన్ తప్పు అని దాని అర్థమట.

“డాస్ పాతది అత్తయ్యా, అందుకని” అంది.

“డాసంటే?”

“మన భాషలో చెప్పాలంటే కంప్యూటర్ బండి. ప్రోగ్రాం లోడు. బండి నడిపే డ్రైవరు డాస్. ఈ లోడు పాత డ్రైవరు తోలలేడు. కొత్త డ్రైవర్ని ఎక్కించాలి.”

“డ్రైవరు మారితే బండి విప్పదీస్తారా ఏంది? పాతవాణ్ణి దింపు, కొత్తవాణ్ణి ఎక్కించు.”

అదే చేసి చూసింది. కొత్త డాస్ ఫ్లాపీలు కూడా గుంటూరాయనే పంపాడు. పాత డాస్ ఉన్నచోటే కొత్తదాన్ని కూర్చోబెట్టే ఉపాయం ఒకటి ఉంది, అలా చేస్తే మిగతా రాతలు చెరగవు. చేస్తే, చోటు లేదు అని జవాబు వచ్చింది.

“కొత్త డ్రైవరు లావు మనిషి అత్తయ్యా. పాతాయన సీట్లో పట్టడు. సీటు పక్కన మన సామాను పెట్టేశాం, జరపడానికి వీల్లేదు. మొత్తం దించేసి, సీటు కొత్తగా బిగించి, మళ్లీ సామాను ఎక్కించాలి. దాన్నే ఫార్మాట్ అంటారు.”

చెరపడం అన్న మాట అక్కడ బయటపడింది. తగాదా కూడా అక్కడే మొదలైంది.

నిజానికి మా ముందు ఇంకో దారి ఉంది. మిషన్ లోపల రాతలుండే డిస్కు జోలికి పోకుండా, కొత్త డాస్‌ను ఫ్లాపీలోనే ఉంచి, రోజూ ఆ ఫ్లాపీతో మిషన్ మొదలుపెట్టడం. డిస్కు మీది రాతలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఖర్చు లేదు, భయం లేదు. నేను దీనికే పట్టుబట్టాను. ముప్పయ్యో తారీకంతా అలాగే నడిపి చూశాం. ఆ రోజు మా మీద కరెంటు వాళ్లకు ఏం కోపమొచ్చిందో గాని, వచ్చి నిలబడేలోపే పోయేది. పోయినప్పుడల్లా ఫ్లాపీ మళ్లీ పెట్టాలి, అది గరగరమని చదువుకునేదాకా మేమిద్దరం దాని ముందు నిలబడాలి. తేదీ అడుగుతుంది, టైము అడుగుతుంది, చెప్పాలి. అంతలో మళ్లీ ఫ్యాను ఆగిపోయేది. ముందు గదిలో సున్నం లోడు గుమాస్తా “ఎవరి బండమ్మా, ఎవరి బండి?” అని బల్ల మీద వేళ్లు వాయిస్తుండేవాడు. నేను నడిమింట్లోంచి ముందు గదికి, ముందు గదిలోంచి నడిమింట్లోకి తిరగడంతోనే సరిపోయింది. ఎండకు గోడలు ముట్టుకుంటే కాలుతున్నాయి. ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు.

“ఒకే ఫ్లాపీని ఇన్నిసార్లు తిప్పితే అది కూడా అరిగిపోద్ది అత్తయ్యా. అప్పుడు కొత్తదీ ఉండదు, పాతదీ ఉండదు” అంది విజయ. అరిగిపోవడం అన్న మాట నామీద పనిచేసింది.

మర్నాడు, ముప్పై ఒకటిన, ఒప్పుకున్నాను. రెండు షరతులు పెట్టాను. సీరియల్ ఒక ఫ్లాపీలో కాక రెండింట్లో దాచాలి, అందుకోసం ఎత్తిపెట్టిన కొత్త ఫ్లాపీల పెట్టె తెరవనిచ్చాను. చెరిపేముందు సీరియల్ అచ్చు తీసి గోడకు అంటించాలి. విజయ రెండూ చేసింది. గోడ మీద కాగితం, చేతిలో రెండు ఫ్లాపీలు. సాయంత్రం నాలుగు దాటాక కరెంటు కాస్త నిలకడగా ఉంటుందని అప్పుడు మొదలు పెడదామనుకున్నాం.

స్టాండు దగ్గర టీ కొట్టు రాములు మామూలుగా మాకు టీ తెచ్చేవాడు. ఆ పూట కిటికీలోంచి గ్లాసులు అందిస్తూ, బల్ల మీద పరిచిన సరంజామా చూసి, “ఏందమ్మా హడావిడి?” అని అడిగాడు.

విజయ తల తిప్పకుండా చెప్పింది. “ఏం లేదు బాబాయ్. రాత్రిలోపు నంబర్లన్నీ కొట్టేస్తాం. రేపటినుంచి కొత్త సీరియల్.”

రాములు ఖాళీ గ్లాసుల కోసం ఆగలేదు. ఎప్పుడూ ఆగే మనిషి. నాకు అప్పుడే తట్టాల్సింది, తట్టలేదు.

విజయ టైపు చదువుకున్న పిల్ల. ఆమెకు కొట్టడం అంటే మీటలు కొట్టడం. ఉత్తరం కొట్టేశాను, బిల్లు కొట్టేశాను అని రోజూ అనే మాటే. కొత్త ప్రోగ్రాంలో అందరి పేర్లూ రెండు సీరియళ్ల కింద మళ్లీ టైపు చేయాలి కాబట్టి అలా అంది. టీ కొట్టు దాటి ఆ మాట స్టాండులోకి వెళ్లేసరికి దానికి ఒక్కటే అర్థం. అందరి నంబర్లూ కొట్టేస్తున్నారు. తప్పు చేసినవాడికి వేసే శిక్ష సంఘం మొత్తానికి వేసేశారు.

ముందు చప్పుడు వినబడింది. తర్వాత మనుషులు. లుంగీలు ఎగగట్టుకుని, కొందరు చేతిలో స్పానర్లతోనే వచ్చారు. ముందు గది నిండిపోయింది, అరుగు నిండిపోయింది, రోడ్డు మీద కూడా నిలబడ్డారు. తోపులాటలో గోడ మీది కాగితం ఎవరి చేతికి తగిలి చిరిగిందో తెలియదు, ముక్కలు కాళ్లకింద పడి నలిగిపోయాయి. అందరికన్నా ముందు చెన్నయ్య. చెప్పులతోనే నడిమింట్లోకి వచ్చి, కంప్యూటర్ పక్కనున్న స్టెబిలైజర్ దగ్గర గొంతుక్కూర్చుని, దాని వైరు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఈ తాడు నా చేతిలో ఉన్నంతసేపు ఎవరి నంబరూ పోదు. ఎవరొచ్చి కొడతారో కొట్టండి చూద్దాం!”

“అయ్యో బాబాయ్, అది పీకితేనే పోద్ది! వదులు!” అని విజయ అరిచింది.

“అదుగో, పోద్దంటంది! ఇన్నారా, పోద్దంటంది!”

“ఒరేయ్ చెన్నయ్యా” అన్నాను, “ముందు చెప్పులు విడువు.”

అతను అంత కోపంలోనూ వైరు వదలకుండా ఒక్కో కాలూ విదిల్చి చెప్పులు విడిచాడు. ఆ కాస్త వ్యవధిలో నాకు కొట్టేయడమన్న మాట చెవిలో తిరిగింది. పొద్దంతా నేను ఆ ఇంట్లోనూ ఉంటాను, ఆ స్టాండులోనూ ఉంటాను. రెండు చోట్లా ఆ మాట వింటాను. వెంటనే అరుగు మీదకు వెళ్లి గట్టిగా చెప్పాను.

“కొట్టేయడమంటే మీ పేరు కొట్టేయడం కాదురా. టైపు కొట్టడం. మిషన్ మీద మీ పేర్లు మళ్లీ కొడుతుంది ఆ పిల్ల.”

“ఏ కొట్టుడైనా దెబ్బ మాకే గదత్తా!” అన్నాడొకడు.

“నేనింకా ఎవడో కొట్టేశాడంటే ఎత్తుకుపోయాడనుకున్నా” అన్నాడు సాంబయ్య. “మిషన్ పోతే పోయింది, ఆ ముసుగు చీరైనా ఉందా లేదా అని వచ్చా.” సాంబయ్య రెండు బండ్ల ఓనరు. నోట్లో ఎప్పుడూ కిళ్లీ, మాటలో ఎప్పుడూ ఎత్తిపొడుపు.

నవ్వారు గాని కదలలేదు. పాతది చెరిపేస్తున్న సంగతి దాచడం నాకిష్టం లేక అది కూడా చెప్పాను. మళ్లీ గోల. ఫ్లాపీలు చూపించాను. “ఆ నల్లట్టలో ఏముందో మాకేం తెలుసు? దోశె పెనం మీదేసే అట్టులాగుంది” అన్నారు. ఎంతకీ తెగలేదు. చివరికి, “మీ కళ్లముందే చేస్తాం. చెన్నయ్య లోపల కూర్చుంటాడు, మిగతావాళ్లు కిటికీ కాడ నిలబడండి. రేపు పొద్దున లోడు గుమాస్తా వచ్చేసరికి రెండు సీరియళ్లు లేకపోతే ఆ లోడు పిడుగురాళ్ల బండ్లకు పోద్ది. అది మీ ఇష్టం” అన్నాను. పిడుగురాళ్ల పేరు పనిచేసింది. చెన్నయ్య వైరు వదిలి స్టూలు మీదకు మారాడు. చేతులు మాత్రం ఒళ్లో ఉంచుకోలేక మోకాళ్లు పట్టుకున్నాడు.

విజయ ఫార్మాట్ మొదలుపెట్టింది. డిస్కు చెరిగేటప్పుడు తెర మీద అంకెలు పరుగెడతాయి. ఎంతవరకు చెరిగిందో చెప్పే లెక్క అది. ఒకటి, రెండు, పది, ఇరవై, ఒకదాని మీద ఒకటి పడి పోతుంటాయి. కిటికీ దగ్గర ఎవరో చూశారు.

“పోతన్నయ్యి! మన నంబర్లు ఒక్కోటే పోతన్నయ్యి!”

“నాది పోయింది, నాది పోయింది!”

“అయి మీ నంబర్లు కావు బాబాయ్, డిస్కు మీద గీతలు! నెట్టబాకండి!”

కిటికీ చువ్వల మధ్య నుంచి చేతులు లోపలికి వచ్చాయి. చెన్నయ్య స్టూలు మీంచి లేచి తెరకు అడ్డంగా నిలబడి, “ఆగండ్రా, ఆగండి, నాది పోలా” అంటున్నాడు, తనదేదో తనకు కనబడుతున్నట్టు. అంకెలు సగం దాకా వెళ్లాయి. టక్కుమని ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

బయట సందె చీకటి పడుతోంది. మిషన్లో పాత డాసూ లేదు, కొత్త డాసూ లేదు, సీరియలూ లేదు. సీరియల్ ఉన్నది ఫ్లాపీల్లో. కరెంటు లేకుండా వాటిని చదివే కన్ను మా ఎవరికీ లేదు. గోడ కాగితం కాళ్లకింద పొడైంది. సబ్‌స్టేషన్ దగ్గర ఏదో కాలిందని, పొద్దున దాకా రాదని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు.

“అయితే ఇప్పుడు సీరియల్ లేనట్టేగా” అన్నాడు సాంబయ్య తాపీగా. “లేనప్పుడు ఫస్టు నేనే ఉంటా. నా బండి గేటు కాడుంది.”

చెన్నయ్య అతని మీదికి పోయాడు. ఇద్దరు పట్టుకున్నారు. “ఇన్ని రాత్రులు బండి కింద పడుకున్నానక్కా, ఇన్ని రాత్రులు” అని నా వైపు చూసి అంటున్నాడు, ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ.

విజయ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. “ఫ్లాపీల్లో ఉంది అత్తయ్యా. ఎక్కడికీ పోలా” అంది. నేను నమ్మాను. నేను నమ్మితే చాలదు.

స్టాండులో ఒక పద్ధతి ఉంది. ఖాళీ బండి వచ్చి ఆగగానే డ్రైవరు దిగి మొదట అడిగే మాట, ‘ఆఖరు బండి ఎవరిది?’ అని. ఒకడు ‘నాది’ అంటాడు. వచ్చినవాడు అతన్ని గుర్తుపెట్టుకుని టీకి పోతాడు. నా దగ్గర పేరు రాయించుకోవడం ఆ తర్వాతే. కాబట్టి మొత్తం వరస ఎవడికీ తెలియకపోయినా, తన ముందెవడో ప్రతివాడికీ తెలుసు.

నేను లాంతరు పట్టుకుని స్టాండుకు నడిచాను. అందరూ నావెంట వచ్చారు. గేటు దగ్గర నిలబడి సాంబయ్యను పిలిచాను.

“నువ్వు ఫస్టంటున్నావు. ఫస్టు ఉన్నవాడి వెనక ఇంకొకడు ఉండాలి గదా. నీ వెనక సెకండు నంబరు నాదని ఎవడంటాడో చెప్పమను.”

సాంబయ్య చుట్టూ చూశాడు.

“ఆయన వెనక కిళ్లీ వాసన తప్ప ఏమీ లేదు పిన్నమ్మా!” అన్నారు ఎవరో చీకట్లోంచి. గొల్లుమన్నారు.

“చెన్నయ్య వెనక ఎవరు?”

“నేను” అన్నాడు శ్రీను. “ఆఖరు బండెవరిదంటే ఈయనే నాదన్నాడు. అప్పుడు జొన్నరొట్టె తింటన్నాడు కూడా.”

“చెన్నయ్యా, బండి తీసి గేటుకి ముందు పెట్టు. శీనూ, అతని వెనక నువ్వు పెట్టు. ఒక్కొక్కరే రండి. నీ ముందెవరో చెప్పు, వాడి వెనక బండి ఆపు. రేపు లోడు వచ్చేదాకా ఎవడూ కదలడానికి లేదు. రాత్రికి సీరియల్ రోడ్డు మీదే ఉంటుంది.”

ఇంజన్లు లేచాయి. హెడ్‌లైట్ల వెలుగులో దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. నేను లాంతరుతో పక్కన నడుస్తూ ఒక్కొక్కరినీ అడిగాను. కొందరు వెంటనే చెప్పారు, కొందరు తల గోక్కున్నారు, ఇద్దరు తిట్టుకుని మళ్లీ వాళ్లే సర్దుకున్నారు. సాంబయ్య వంతు వచ్చింది.

“నీ ముందెవరు?”

“వెంకటేశ్వర్లు, ఇంకెవరు!” అని విసురుగా అతని వెనక బండి ఆపి, దిగి, తలుపు దడాలున వేశాడు.

గేటు నుంచి సాగర్ రోడ్డు మలుపు దాకా బండ్లు నిలిచాయి. చెన్నయ్య అన్నిటికన్నా ముందున్న తన బండి ముందు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. పడుకోమన్నా పడుకోలేదు. నేను ఇంటికొచ్చాక కూడా చెవి స్టాండు వైపే ఉంది. ఏ ఇంజన్ చప్పుడైనా లేచి అరుగు మీదకు వచ్చేదాన్ని. విజయ ఫ్లాపీలు రెండూ దిండు కింద పెట్టుకోబోతే, నలుగుతాయని బీరువాలో పెట్టించాను.

ఆ తర్వాత నా పదవీ విరమణ దాకా ఆ మిషన్లో డాస్ ఇంకా మారింది, మిషనే మారింది. ప్రతిసారీ మూడు పనులు తప్పక చేయించాను. ఏం చేయబోతున్నామో ముందు రోజే స్టాండులో నేనే చెప్పేదాన్ని, స్టాండు మాటల్లో. చెరిపేముందు కరెంటు లేకపోయినా చదవగలిగే కాపీ ఒకటి తీయించి, గోడకు అంటించకుండా నా పెట్టెలో ఉంచేదాన్ని. మనుషుల్ని అడిగి కట్టిన వరసను కాగితంతో, కాగితం వరసను మనుషులతో సరిచూసేదాన్ని. ఈ మూడోది ఎందుకో మర్నాటి పొద్దున తెలిసింది.

జూన్ ఒకటి పొద్దున్నే కరెంటు వచ్చింది. విజయ ముఖం కూడా కడుక్కోకుండా కూర్చుని, డిస్కు మళ్లీ మొదటినుంచి ఫార్మాట్ చేసి, కొత్త డాస్ ఎక్కించి, ఫ్లాపీలోంచి పాత సీరియల్ దించి అచ్చు తీసింది. ఆ కాగితం పట్టుకుని నేను గేటు దగ్గర మొదలుపెట్టి బండ్ల వెంట నడిచాను. చెన్నయ్య, సరే. శ్రీను, సరే. ఒక్కో పేరు, ఒక్కో బండి. వెంకటేశ్వర్లు దాకా సరిపోయింది. కాగితంలో వెంకటేశ్వర్లు తర్వాత కొండలు అనే అతని పేరు. రోడ్డు మీద వెంకటేశ్వర్లు తర్వాత సాంబయ్య.

కొండలు బండి గేరుబాక్సు విప్పి వర్క్‌షాపులో ఉంది. సామాను కోసం అతను విజయవాడ వెళ్లాడు. రిపేరులో ఉన్నా నంబరు నంబరే, అది సంఘం రూలు. రాత్రి అతని పేరు అతని వెనకున్న సాంబయ్య చెప్పలేదు. ఆ వెనకవాళ్లందరికీ ఒక బండి ముందుకు జరగడం లాభమే కాబట్టి వాళ్లూ చెప్పలేదు.

సాంబయ్య బండి దగ్గర నిలబడి వేపపుల్ల నములుతున్నాడు.

“కొండలు ఏడిరా?”

“ఊళ్లో లేడు గదత్తా.”

“ఊళ్లో లేకపోతే నంబరు లేదా? నిన్న నీ ముందెవడంటే ఏమన్నావు?”

“మర్చిపోయా” అని నవ్వాడు. “నీ మిషన్ మర్చిపోలేదా? గట్టిదే.”

“బండి వెనక్కి తియ్యి.”

అతను వెనక్కి తీయాలంటే అతని వెనకవాడు తీయాలి, వాడు తీయాలంటే వాడి వెనకవాడు తీయాలి. మలుపు దాకా ఒక్కొక్కరే సాంబయ్యను, సాంబయ్య తాతల్ని తిట్టుకుంటూ, హారన్లు మోగిస్తూ వెనక్కి జరిగారు. వెంకటేశ్వర్లు బండికి, సాంబయ్య బండికి మధ్య ఒక బండి పట్టేంత ఖాళీ మిగిలింది.

ఎండ ఎక్కకముందే నాపరాళ్ల వ్యాపారి గుమాస్తా బెంగుళూరు లోడు చీటీ తెచ్చాడు. అది చెన్నయ్య చేతిలో పెట్టాను. అతను బండి తీసుకుని క్వారీ వైపు వెళ్లాడు. మిగతా బండ్లు ఒక్కో బండి ముందుకు జరిగాయి, మధ్యలో కొండలు బండికి వదిలిన ఖాళీ కూడా వాటితోపాటే జరిగింది.